నేలమీద నేర్చే గగనవిద్య

ద్రోణాచార్యుడు తన శిష్యుల ధనుర్విద్యను పరీక్షింపదలచి, శిల్పుల చేత ఒక కృత్రిమ పక్షిని చేయించి చెట్టు చివరన నిలిపాడని మహాభారతం ఆదిపర్వం చెబుతుంది. లక్ష్యం తప్ప మరేమీ కానరాని అర్జునుని ఏకాగ్రతను అందరూ తలచుకుంటారు. ఆ పక్షి నిజమైనది కాదన్న సంగతిని మాత్రం అంతగా పట్టించుకోరు. గురువు కోరింది పక్షి ప్రాణం కాదు, శిష్యుని చూపు. లక్ష్యం కల్పితం, నేర్పు యథార్థం. ఈ సూత్రమే ఆధునిక యుగంలో యుద్ధవిమాన చోదన శిక్షణకు ఒక ముఖ్యమైన ఆధారమైంది. నేలమీదనే ఉండి, ఆకాశంలో ఉన్నట్లు అభ్యసింపజేసే యంత్రాన్ని సిమ్యులేటర్ అంటారు. దీనిని తెలుగులో అనుకరణ యంత్రం అనవచ్చు.

జంటనగరాల వాసులకు విమానం అపరిచితమైనది కాదు. పేరులోనే చిలకలను నిలుపుకొన్న చిలకలగూడలో తల పైకెత్తి చూసిన వారికి, 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమయ్యే వరకు, బేగంపేటకు వచ్చిపోయే విమానాలు నిత్యం కనిపించేవి. సికింద్రాబాదుకు ఉత్తరాన హకీంపేటలో వైమానిక దళ శిక్షణ స్థావరం ఉంది. మరికొంత దూరంలోని దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. దానికి 1967లో నాటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. బాలానగర్‌లో 1965లో ఏర్పడిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ విభాగం మిగ్-21 యుద్ధవిమానాలకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను తయారుచేసింది. అందుచేత ఈ విద్యను గురించి తెలుసుకోవడం మన ఊరి చరిత్రలో ఒక భాగాన్ని తెలుసుకోవడమే అవుతుంది.

అనుకరణ యంత్రం పుట్టుక

అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు తన తండ్రికి చెందిన పియానో, ఆర్గన్ వాద్యాల కర్మాగారంలో పనిచేసేవాడు. విమానం నడపడం నేర్చుకోవడానికి అయ్యే వ్యయం అతనికి భారమైంది. ఆర్గన్ వాద్యాన్ని పలికించే గాలితిత్తులతోనే ఒక చిన్న విమానపు పెట్టెను పక్కలకు, పైకి, కిందికి కదిలించవచ్చునని అతడు గ్రహించి, 1929లో ఒక యంత్రాన్ని రూపొందించాడు. మొదట దానిని వినోదస్థలాల వారు తప్ప ఎవరూ ఆదరించలేదు. 1934లో అమెరికా సైనిక విమానాలు తపాలా మోసే బాధ్యతను స్వీకరించాయి. మంచులోను, మబ్బులోను దారి తెలియక పలువురు చోదకులు మరణించారు. అప్పుడు సైన్యం లింక్ యంత్రాలను కొనుగోలు చేసింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లక్షలాది వైమానికులు ఆ నీలిరంగు పెట్టెలో కూర్చుని, కిటికీ మూసుకొని, కేవలం పరికరాలను చూసి విమానం నడపడం అభ్యసించారు. ఆటవస్తువుగా పరిగణింపబడిన యంత్రం ప్రాణరక్షకమైంది.

కంప్యూటర్ వచ్చిన తరువాత ఈ విద్య ఇంటి గడపలోకి ప్రవేశించింది. 1998లో విడుదలైన ఫాల్కన్ 4.0 అనే కార్యక్రమం ఎఫ్-16 విమానాన్ని అనుకరించింది. దానితోపాటు వందల పుటల వివరణ గ్రంథాన్ని కూడా అందించారు. అమెరికా వైమానిక నేషనల్ గార్డ్ శిక్షణ కోసం తయారైన ఎ-10సి విమాన అనుకరణ నుంచి డిజిటల్ కంబాట్ సిమ్యులేటర్‌లోని ఒక భాగం రూపొందింది. 2014లో అదే వేదికపై మిగ్-21 బిస్ విమానం కూడా వచ్చింది. 1963 నుంచి 2025 సెప్టెంబరు వరకు మన వైమానిక దళానికి సేవ చేసిన విమానజాతి అది. నేడు ఆసక్తిగల విద్యార్థి ఎవరైనా తన గదిలో కూర్చుని దాని మీటలను, పరికరాలను పరిచయం చేసుకోవచ్చు.

ఆటకు, అభ్యాసానికి భేదం

సాధారణమైన కంప్యూటర్ ఆటలో ఒక మీట నొక్కితే విమానం లేస్తుంది, మరొకటి నొక్కితే క్షిపణి దూసుకుపోతుంది. ఇంధనం తరగదు, రెక్క విరగదు. యథార్థతను పాటించే అనుకరణలో అట్లా కాదు. మిగ్-21 లో కూర్చున్నవాడు ముందుగా బ్యాటరీ మీట వేయాలి. ఇంధన పంపులు, దిశను తెలిపే జైరోస్కోపులు, రేడియో మొదలైనవాటిని వరుసగా మేల్కొల్పాలి. ఇంజను రగిలిన తరువాత దాని భ్రమణ వేగాన్ని, ఉష్ణోగ్రతను గమనించాలి. ఈ క్రమాన్ని తెలిపే తనిఖీ పట్టికను చోదకులు ఎంత అనుభవం వచ్చినా విడిచిపెట్టరు. జ్ఞాపకశక్తి తక్కువ కావడం దీనికి కారణం కాదు. అలసట, తొందర, భయం జ్ఞాపకాన్ని మోసం చేస్తాయని ఎరిగి ఉండడమే కారణం.

నేలమీద నడపడం కూడా నేర్వవలసిన పనియే. పాశ్చాత్య విమానాలు అనేకం పాదాలతో పెడల్ పైభాగాన్ని నొక్కితే ఆగుతాయి. మిగ్-21 లో చక్రాలను ఆపే మీట చేతిలోని స్టిక్‌పైన ఉంటుంది. దానిని పట్టి పాదంతో పెడల్‌ను ఒకవైపు తోస్తే ఆ వైపు చక్రం ఎక్కువగా బిగుసుకుని విమానం మలుపు తిరుగుతుంది. చేయి ఒకటి, పాదం ఒకటి కలిస్తేనే ఈ చిన్న పని జరుగుతుంది. ఈ సమన్వయమే చోదన విద్యకు అక్షరాభ్యాసం.

చేయి, పాదం, చూపు

విమానం మూడు రీతులుగా కదులుతుంది. స్టిక్‌ను వెనుకకు లాగితే ముక్కు పైకి లేస్తుంది, ముందుకు నెట్టితే వంగుతుంది. పక్కకు వంచితే రెక్క వాలుతుంది. పాదాల కింది పెడళ్లు తోకలోని చుక్కానిని కదిపి ముక్కును కుడి ఎడమలకు తిప్పుతాయి. ఎడమచేతిలోని థ్రాటిల్ ఇంజను శక్తిని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఇంతవరకు చదివి తెలుసుకోవచ్చు. ఒకదాని ప్రభావం మరొకదానిపై ఎట్లా పడుతుందో మాత్రం అభ్యాసం వల్లనే తెలుస్తుంది.

మలుపును ఉదాహరణగా తీసుకుందాం. విమానం 60 డిగ్రీలు ఒరిగి, ఎత్తు కోల్పోకుండా తిరగాలంటే రెక్కలు దాని బరువుకు రెట్టింపు బలాన్ని పుట్టించాలి. అప్పుడు రెక్క పట్టు తప్పే వేగం కూడా సుమారు 1.41 రెట్లు అవుతుంది. నిటారుగా పోయేటప్పుడు గంటకు 200 కిలోమీటర్ల వద్ద పట్టు తప్పే విమానం, ఈ మలుపులో 283 కిలోమీటర్ల వద్దనే తప్పుతుంది. శత్రువును వెంటాడే తమకంలో స్టిక్‌ను గట్టిగా లాగేవాడు ఈ లెక్కను మరచిపోతాడు.

రెక్క గాలిని ఎదుర్కొనే కోణం ఒక హద్దు దాటితే గాలి రెక్కపై నుంచి విడిపోయి, ఎత్తే బలం నశిస్తుంది. సాధారణమైన రెక్కలకు ఆ హద్దు సుమారు 15 డిగ్రీలు. ఈ స్థితినే స్టాల్ అంటారు. నేల మీదికి వస్తున్నప్పుడు ముక్కును పైకి లాగాలనిపించడం మానవ సహజం. కాని చేయవలసింది అందుకు విరుద్ధం. స్టిక్‌ను ముందుకు వదలి, ముక్కు దించి, రెక్కకు మళ్లీ గాలి పట్టు దొరకనివ్వాలి. పడిపోతున్నవాడు పడిపోయే వైపే మొగ్గాలన్న ఈ నియమాన్ని బుద్ధి ఒక్కసారి వినగానే అంగీకరిస్తుంది. చేయి మాత్రం వందసార్లు చేసినా గాని అంగీకరించదు. ఆ వందసార్ల అవకాశాన్ని ప్రాణాపాయం లేకుండా ఇవ్వడమే అనుకరణ యంత్రం చేసే మహోపకారం.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. ఇంట్లోని స్టిక్‌లో స్ప్రింగు ఉంటుంది కాబట్టి అది నిజం కాదని కొందరు తేలికగా మాట్లాడతారు. మిగ్-21 వంటి విమానాలలో స్టిక్ కదలిక ద్రవపీడన యంత్రాల ద్వారా రెక్కలను చేరుతుంది. గాలి ఒత్తిడి చోదకుని చేతికి తిరిగి తెలియదు. అందుచేత చేతికి బరువు తెలిసేట్లు నిర్మాతలు స్ప్రింగులతో కృత్రిమ స్పర్శను కల్పించారు. అంటే నిజమైన విమానంలోని స్పర్శ కూడా కొంత కల్పితమే! తేడా మరొక చోట ఉంది. విమానంలో ట్రిమ్ అనే అమరికతో స్టిక్ తటస్థ స్థానాన్నే జరిపి, చేతికి విశ్రాంతి ఇవ్వవచ్చు. సాధారణంగా ఇంట్లో వాడే స్టిక్ ఎప్పుడూ మధ్యకే వస్తుంది. కాబట్టి ట్రిమ్ మార్చే కొద్దీ చేతిని నెమ్మదిగా సడలించడం అభ్యాసకుడు అలవరచుకోవాలి.

దిగడం తెలిసినవాడే చోదకుడు

అభిమన్యునికి పద్మవ్యూహంలో ప్రవేశించడం తెలుసు, బయటపడడం తెలియదు. కొత్తగా సిమ్యులేటర్ ముందు కూర్చున్న యువకులు చాలామంది ఈ స్థితిలోనే ఉంటారు. లేవడం, కాల్చడం త్వరగా పట్టుబడతాయి. దిగడం మాత్రం నేర్చుకోరు.

మిగ్-21 త్రికోణాకారపు చిన్న రెక్కలు ధ్వనిని మించిన వేగానికి అనువైనవి. వేగం తగ్గినప్పుడు అవే భారమవుతాయి. గంటకు 250 కిలోమీటర్లకు పైబడిన వేగంతో అది నేలను తాకుతుంది. ముక్కు ఎత్తి నిదానించిన కొద్దీ గాలి నిరోధం విపరీతంగా పెరిగి, విమానం కిందికి కుంగుతుంది. దాని తరువాతి రకాలలో ఇంజను నుంచి తీసిన గాలిని రెక్క వెనుక ఫలకాలపై వదలి, ఎత్తే బలాన్ని పెంచే ఏర్పాటు ఉంది. కాబట్టి తొందరపడి థ్రాటిల్ తగ్గిస్తే శక్తితోపాటు ఆ బలమూ తగ్గుతుంది. మళ్లీ పెంచినా జెట్ ఇంజను పుంజుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు ఆ క్షణాలు దొరకవు.

ఇది కేవలం సిద్ధాంతం కాదు. నెమ్మదిగా సాగే శిక్షణ విమానం నుంచి ఒక్కసారిగా మిగ్-21 కు ఎక్కవలసి రావడం మన యువ చోదకులకు ప్రాణాంతక సమస్యగా పరిణమించింది. నడుమ ఒక మెట్టు కావాలని 1982లోనే లా ఫాంటేన్ కమిటీ సూచించింది. ఆ మెట్టుగా హాక్ అనే ఉన్నత శిక్షణ విమానం 2008లో పొరుగున ఉన్న బీదర్ స్థావరానికి వచ్చింది. మధ్యకాలం పాతిక సంవత్సరాలు. శిక్షణలో ఒక సోపానం లోపిస్తే దాని మూల్యాన్ని ఎవరు చెల్లిస్తారో ఈ చరిత్ర చెబుతుంది.

యంత్రం నేర్పలేనివి

అనుకరణకు హద్దులున్నాయి. మొదటిది శరీరానికి సంబంధించినది. పదునైన మలుపులో గురుత్వం అయిదు రెట్లయితే 60 కిలోల యువకుడు 300 కిలోల బరువును అనుభవిస్తాడు. రక్తం తల నుంచి పాదాలకు దిగి చూపు మసకబారుతుంది. కుర్చీలో కూర్చున్నవానికి ఇది తెలియదు. బెంగళూరులోని వైమానిక వైద్య సంస్థలో వేగంగా గిరగిర తిప్పే అపకేంద్ర యంత్రంపై చోదకులకు ఈ అనుభవాన్ని ప్రత్యేకంగా కలిగిస్తారు.

రెండవది మనస్సుకు సంబంధించినది. ఇంట్లో విమానం కూలితే మళ్లీ మొదలుపెట్టే మీట ఉంటుంది. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి బయలుదేరిన శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ సమీపంలో కూలి, శిక్షకుడు, శిక్షణార్థి ఇద్దరూ అసువులు బాశారు. ఆకాశం పొరపాటుకూ దురదృష్టానికీ ఒకే తీరుగా బదులిస్తుంది. తప్పుకు శిక్ష లేకపోవడం సిమ్యులేటర్‌కు వరం. ఆ వరమే నిర్లక్ష్యానికి దారితీస్తే శాపం. కూలిన ప్రతిసారీ కారణం రాసుకొని మళ్లీ ప్రారంభించేవాడు అభ్యాసకుడు. కారణం అడగకుండా మీట నొక్కేవాడు ఆటగాడు.

మూడవది గురువు లేని లోటు. తెరముందు ఒంటరిగా నేర్చినవానికి చెడ్డ అలవాట్లు తెలియకుండానే పాతుకుపోతాయి. పరికరాలనే చూస్తూ బయట చూడకపోవడం అటువంటి వాటిలో ఒకటి. వైమానిక దళంలో చోదకులు కావాలంటే కంప్యూటర్ ఆధారంగా జరిగే ఎంపిక పరీక్షను దాటాలి. అందులో స్టిక్, పెడళ్ల సమన్వయాన్ని పరిశీలిస్తారు.  గణిత, భౌతిక శాస్త్రాలతో ఇంటర్మీడియట్ చదివి నేషనల్ డిఫెన్స్ అకాడమీ వైపు చూసే విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. ఇంట్లోని ఆట వారికి యోగ్యతాపత్రం కాదు. క్రమశిక్షణను పరిచయం చేసే తొలి పాఠం మాత్రమే.

హైదరాబాదులో చదువుకొని మిగ్-21 నడిపిన రాకేశ్ శర్మ, 1984 ఏప్రిల్‌లో అంతరిక్షానికి వెళ్లడానికి ముందు మాస్కో సమీపంలోని శిక్షణ కేంద్రంలో నేలమీది నమూనాలలోనే నెలల తరబడి సాధన చేశాడు. 2016 జూన్‌లో దుండిగల్‌లో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు తొలి మహిళా యుద్ధవిమాన చోదకులుగా నియుక్తులయ్యారు. 2018లో అవని మిగ్-21 ను ఒంటరిగా నడిపింది. అట్లా ఒంటరిగా ఎగిరిన ప్రతివారి వెనుక వేలసార్లు తిరగవేసిన పాఠం ఉంటుంది.

నేర్చుకునేటప్పుడు పక్షి కృత్రిమమైనదైనా కావచ్చు. చూపు, ఓర్పు, తప్పును ఒప్పుకొనే గుణం కృత్రిమమైనవి కారాదు. ఏ విద్యకైనా ఇదే వర్తిస్తుంది.

ప్రశ్నలు

1. అనుకరణ యంత్రం ఆటవస్తువు స్థాయి నుంచి ప్రాణరక్షక సాధనంగా ఎదిగిన తీరును వివరించండి.
2. స్టాల్ స్థితిలో చోదకుడు సహజ ప్రవృత్తికి విరుద్ధంగా ఎందుకు వ్యవహరించాలి?
3. ఆటగానికి, అభ్యాసకునికి గల భేదాన్ని మీరు చదువుతున్న ఒక శాస్త్రానికి అన్వయించి రాయండి.