మైదానంలో మాట్లాడే బోర్డు - మా బాబాయితో మాత్రం మాట్లాడలేదు

మధిర: సంక్రాంతి వచ్చిందంటే ఈ ప్రాంతపు పల్లెలలో కబడ్డీ కోర్టులకు సున్నపు గీతలు పడతాయి. ఒక మూల బల్ల, బల్లమీద మైకు, పక్కన కుర్చీకి ఆనించిన నల్లబోర్డు. కూతకు వెళ్ళినవాడు ఒకరిని తాకి వచ్చాడా, ఇద్దరినా అన్న తగువు తేలకముందే బోర్డు దగ్గరి కుర్రవాడు అరచేత్తో పాత అంకె చెరిపి కొత్తది వేస్తాడు. అవతలి గట్టున నిలబడ్డ వారికి అది కనపడదు. ఎంతయిందని ఒకరు, ఎవరికని మరొకరు అడుగుతూనే వుంటారు. పొద్దు గూకితే సుద్ద అంకె ఎవరికీ కనపడదు, మైకు పట్టుకున్నవాడు చెప్పిందే లెక్క. ఎడ్ల బండలాగుడు పోటీలలోనూ అంతే. జత ఎన్ని అడుగులు లాగిందో, ఇంకా ఎన్ని నిమిషాలున్నవో మైకులో చెబితేనే జనానికి తెలిసేది.

నగరాలలోని పెద్ద మైదానాలలో ఈ పని యిప్పుడు విద్యుత్ తెరలు చేస్తున్నవి. అవి స్కోరు చూపించి వూరుకోవటం లేదు. జనాన్ని పలకరిస్తున్నవి, చప్పట్లు కొట్టమంటున్నవి, ప్రశ్నలు వేస్తున్నవి, కూర్చున్నవారి ముఖాలను వారికే చూపిస్తున్నవి. ఈ విలేఖరి ఆ మధ్య మా బాబాయిని వెంటబెట్టుకొని అటువంటి ఒక మైదానానికి రాత్రి మ్యాచ్ చూడటానికి వెళ్ళటం జరిగింది. బాబాయికి ఆరు పదులు దాటినవి. రేడియోలో వ్యాఖ్యానం విని పెరిగిన మనిషి. ఏ ఆటగాడు ఏ చేత్తో బంతి వేస్తాడో కళ్ళు మూసుకొని చెప్పగలడు. తెలుగు పత్రిక పొల్లుపోకుండా చదువుతాడు. ఇంగ్లీషు రాదు.

తెరమీద ఏవో అక్షరాలు మెరిసినవి. ఒక్కసారిగా వేల మంది కేకలు వేశారు. వికెట్టు పడిందేమోనని బాబాయి లేచి నిలబడ్డాడు. బంతి వేయనే లేదు. శబ్దం చేయండి అని తెర అడిగిందట, అంతే. ఆ రాత్రి అటువంటివి చాలా జరిగినవి. ప్రతిసారీ పక్కనున్న కాలేజీ పిల్లవాడిని అడగటానికి ఆయనకు మొహమాటం వేసింది. కానీ అదే తెరమీద బంతి వికెట్లకు తగులుతుందో లేదో బొమ్మ గీసి చూపినప్పుడు మాత్రం మా వరుసలో అందరికంటే ముందు తీర్పు చెప్పింది ఆయనే.

చుక్కల వెనుక కథ

రంగుల వీడియో తెర మైదానానికి రావటం ఈనాటి సంగతి కాదు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో డాడ్జర్ స్టేడియం అనే బేస్‌బాల్ మైదానంలో 1980లో జపాను కంపెనీ మిత్సుబిషి తయారు చేసిన తెర వెలిగింది. క్రికెట్‌కు సంబంధించి 1982లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ మైదానంలో రంగుల తెర పెట్టారు.

ఇప్పటి తెరలు ఎల్‌ఈడీ దీపాలతో చేసినవి. దూరం నుంచి ఆటగాడి ముఖాన చెమట కూడా కనిపించే ఆ తెరను దగ్గరకు వెళ్ళి చూస్తే బొమ్మే వుండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు మాత్రమే వుంటాయి. ఆ మూడింటిని ఎక్కువ తక్కువలుగా వెలిగిస్తే మిగిలిన రంగులన్నీ పుడతాయి. ఎరుపు దీపం ముందే వున్నది. బాగా వెలిగే నీలం దీపం మాత్రం చాలాకాలం ఎవరికీ చిక్కలేదు. జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురా దానిని సాధించారు. ఆ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. దసరా పందిళ్ళకు మనం కట్టే నీలం బల్బుల దండకూ, క్రికెట్ మైదానపు తెరకూ మూలం ఒకటే.

అంపైరు చూసిందే జనమూ చూస్తారు

తెర వల్ల వచ్చిన అసలైన మార్పు ఈ విలేఖరి దృష్టిలో కేకలు వేయించటం కాదు. తీర్పు ఎట్లా వచ్చిందో అందరికీ కనిపించటం. 1992 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో టీవీ చూసి తీర్పు చెప్పే మూడో అంపైరు పద్ధతి మొదలయింది. ఆ పద్ధతిలో మొట్టమొదట అవుటయినది మన సచిన్ టెండూల్కరే, రనౌటుగా. 2008లో భారత జట్టు శ్రీలంకలో ఆడిన టెస్టులలో ఆటగాళ్ళే సమీక్ష కోరే పద్ధతిని పరీక్షించారు. ఐపీఎల్‌లోకి అది 2018లో వచ్చింది. 2023 నుంచి వైడు, నోబాల్ తీర్పులపైన కూడా సమీక్ష కోరవచ్చు. కోరటానికి 15 సెకన్లు గడువు. తెరమీద ఆ సెకన్లు తరిగిపోతుంటే గ్యాలరీలో కూర్చున్నవాడు కూడా కెప్టెనయిపోతాడు. అడుగు అడుగు అని కొందరు, వద్దు వద్దు అని కొందరు. ఇంతకంటే జనాన్ని ఆటలోకి లాగే పోటీ ఏ కంపెనీ పెట్టగలదు?

అంకె ఒక్కటే చాలిన రోజులూ వున్నవి. హైదరాబాదు ఉప్పల్ స్టేడియంలో 2023 జనవరి 18న శుభ్‌మన్ గిల్ 208 పరుగులు చేసిన వన్డే పాఠకులకు గుర్తుండే వుంటుంది. భారత్ 349 పరుగులు చేసింది. న్యూజిలాండ్ పని అయిపోయిందనుకుంటే బ్రేస్‌వెల్ 140 పరుగులతో మీదికి వచ్చాడు. ఆఖరి ఓవరులో కావలసినవి 20. మొదటి బంతి సిక్సరు. తరువాత వైడు. ఆ తరువాతి బంతికి అతడు అవుట్. భారత్ 12 పరుగులతో గట్టెక్కింది. అటువంటి ఓవరులో ఇంకెన్ని పరుగులు, ఇంకెన్ని బంతులు అన్న రెండు అంకెలు చూపితే చాలు, అరవమని ఎవరూ చెప్పనక్కరలేదు.

కబడ్డీకి ఇంకా అవసరం

నిజానికి బోర్డు అవసరం క్రికెట్‌కంటే కబడ్డీకే ఎక్కువ. 2014లో మొదలయిన ప్రో కబడ్డీ లీగులో మన తెలుగు టైటన్స్ జట్టు వున్నది. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనూ, విశాఖలోనూ పోటీలు జరిగినవి. అక్కడ కూత 30 సెకన్లు. ఆ సెకన్లు అందరికీ కనపడేలా వెనక్కు లెక్కపెడుతుంటాయి. ఒక జట్టు వరుసగా రెండు కూతలకు ఏమీ తేకపోతే మూడో కూతకు వెళ్ళినవాడు పాయింటు తేవాలి, లేదా బయటికి పోవాలి. ఈ లెక్క బోర్డు చెప్పకపోతే చూసేవాడికి ఆ కూత విలువే తెలియదు. తెలిసినప్పుడు మాత్రం జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తారు. మన పల్లె కోర్టులో తగువులు పుట్టేది కూడా ఇటువంటి లెక్కల దగ్గరే.

అడిగిందల్లా ఇవ్వనక్కరలేదు

ఇక జనంతో నేరుగా ఆడుకునే తెరలు. తెలుగువారు చాలామంది స్థిరపడిన అమెరికాలోని డల్లాస్ దగ్గర ఒక ఫుట్‌బాల్ స్టేడియంలో 2019లో మనిషెత్తు తెరలు పెట్టారు. వేలితో తాకి తమకిష్టమైన ఐదుగురు ఆటగాళ్ళను ఎంచుకుంటే, వారు పక్కన నిలబడినట్లే ఫొటో వస్తుంది. జనం వరుసలు కట్టారు. మన దేశంలోనూ తెరమీద గళ్ళ ముద్ర చూపి, ఫోనుతో తీసి ఓటు వేయండి, జవాబు చెప్పండి అని అడగటం అలవాటయింది.

సరదాకు ఓటు వేస్తే తప్పులేదు. కానీ చిన్న ఫోను మాత్రమే వున్నవాడికి ఆ సరదా లేనట్లే. రెండవది, ముద్ర ఎవరు పెట్టారో తెలియనప్పుడు దానిని తీయరాదు. గేటు దగ్గర గోడకు అంటించిన కాగితం వేరు, మైదానపు తెర వేరు. పేరు, నంబరు అడిగితే ఆలోచించాలి, ఓటీపీ అడిగితే ఇవ్వనే కూడదు. తరువాతి బంతి ఏమవుతుందో చెప్పి డబ్బు గెలవండి అని ఎవరయినా ఫోనులో పిలిస్తే అది పందెమే. తెలంగాణలో 2017 నుంచీ ఆన్‌లైన్ పందేలు చట్టవిరుద్ధం. ఈ చుట్టుపక్కల మిరప డబ్బు అట్లా పోగొట్టుకున్న ఇళ్ళు లేకపోలేదు.

రైలు బోర్డుకు వచ్చిన తెలుగు

మధిర రైల్వే స్టేషనులో వూరి పేరు మూడు భాషలలో వున్నది. రైలు వస్తున్నదన్న కబురూ తెలుగులో వినిపిస్తుంది. టీవీలో క్రికెట్‌కూ కబడ్డీకీ తెలుగు వ్యాఖ్యానం వస్తున్నది. టిక్కెట్టు కొని మైదానానికి వెళ్ళినవాడికి మాత్రం తెరమీద తెలుగు అక్షరం కనపడటం అరుదు. అంకెలు ఎట్లాగూ అందరివీ. ‘సమీక్ష’, ‘అవుట్’, ‘చప్పట్లు’ అన్న నాలుగు మాటలు తెలుగులో వేయటానికి కొత్త తెర కొననక్కరలేదు. ఉన్న తెరలో రాసి పెట్టుకుంటే సరిపోతుంది. క్రీడా సంఘాలవారు ఈ సంగతి ఆలోచిస్తే మా బాబాయి వంటివారు పక్కవాడి మోచేయి పొడవనక్కరలేకుండా ఆట చూస్తారు.

మొన్న సంక్రాంతికి మా పక్కవూరి కుర్రవాళ్ళు ఇటువంటి ప్రయత్నమే చేశారు. అద్దెకు ప్రొజెక్టరు తెచ్చి, పంచాయతీ గోడకు తెల్ల పంచె కట్టి, ల్యాప్‌టాప్‌లో అంకెలు కొట్టారు. ఎడమవైపు ఒక వూరు, కుడివైపు ఒక వూరు, మధ్యన ‘కూత - 30’. అన్నీ పెద్ద తెలుగు అక్షరాలే. గాలికి పంచె వూగి అంకెలు వంకరపోయినా గట్టుమీద వారికి కనిపించినవి. ఆ రాత్రి ఎంతయిందని అడిగినవాడు లేడు. ముప్ఫై నుంచి సున్నా దాకా జనమంతా ఒక్క గొంతుతో లెక్కపెట్టారు. బాబాయి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకొని మరీ లెక్కపెట్టాడు.

రెండో ఆట సగంలో కరెంటు పోయింది. బోర్డు దగ్గరి కుర్రవాడు సుద్దముక్క వెతుక్కున్నాడు.