రాగం పట్టింది, రచయిత దొరకలేదు

1902 నవంబరులో కలకత్తాలో, ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు అమర్చిన కొమ్ము ముందు పాడిన గౌహర్ జాన్, పాట ముగియగానే తన పేరును ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. డాబు కోసం కాదు. ఆ మైనపు పలకలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్‌కు వెళ్లాలి. అక్కడ రికార్డులు ఒత్తేవాళ్లకు పాట భాష రాదు, ఆ గొంతు తెలీదు. లేబుల్ మీద ఎవరి పేరు వేయాలో రికార్డే చెప్పుకోవాలి. నూట ఇరవై ఏళ్లు దాటాక ఆ లేబుల్ పనిని ఇప్పుడు కృత్రిమ మేధకు అప్పగిస్తున్నారు. పాట వినిపిస్తే చాలు, విషాదం, నెమ్మది నడక, ఆడగొంతు, వీణ ఉంది అంటూ క్షణాల్లో చీటీలు అతికించేస్తుంది. చెవికి అందే సంగతుల్లో దాని పనితనాన్ని ఒప్పుకోవచ్చు. చిక్కల్లా, పాటల గిడ్డంగిలో అన్నిటికన్నా ముందు రాసిపెట్టుకోవలసిన సంగతులు చెవికి అందేవి కాకపోవడమే.

ఈ పని మనుషులే చేయొచ్చుగా అంటే, లెక్క ఒప్పుకోదు. అమెరికాలో పాండోరా అనే పాటల సేవ వెనకున్న మ్యూజిక్ జీనోమ్ ప్రాజెక్టులో సంగీతం చదువుకున్నవాళ్లు ఒక్కో పాట విని 450 దాకా లక్షణాలు పరిశీలించేవారు. పాటకు ఇరవై నిమిషాలు ఎటూ పట్టేది. నేడు స్ట్రీమింగ్ సేవలకు రోజూ లక్షకు పైగా ట్రాకులు వచ్చి పడుతున్నాయి. లక్ష పాటలు, ఇరవై నిమిషాలు అంటే 33 వేల గంటలు. నాలుగు వేల మందికి పైగా సెలవన్నది లేకుండా రోజుకు ఎనిమిది గంటలు వింటూ కూర్చోవాలి. యంత్రం తప్పదు.

మన సంగీతం యంత్రానికి ఎక్కదన్న వాదనా పూర్తిగా నిలవదు. ఆరభి, దేవగాంధారి రెండూ శంకరాభరణ జన్యాలే. కాగితం మీద ఆరోహణ, అవరోహణలు దాదాపు ఒకటే. ఆరభి సూటిగా, చురుగ్గా నడుస్తుంది. దేవగాంధారి గమకాల మీద ఊగుతూ తీరిగ్గా సాగుతుంది. ఏ స్వరం ఎన్నిసార్లు పలికిందో లెక్కపెట్టే ప్రోగ్రాం ఇక్కడ బోల్తా పడుతుంది. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో షావియెర్ సెర్రా నాయకత్వాన 2011లో మొదలైన కాంప్‌మ్యూజిక్ బృందం అలా లెక్కపెట్టడం దగ్గర ఆగలేదు. ముందు గాయకుడి శ్రుతిని పట్టుకుని, తర్వాత గొంతు జారే తీరును కొలిచింది. 40 కర్ణాటక రాగాలు, 480 రికార్డింగుల మీద 2016లో దాదాపు 87 శాతం సరిగ్గా చెప్పగలిగింది. కచేరీకి వచ్చే మామూలు శ్రోత కన్నా నయమే.

అయితే అక్కడ మన సంగీతానికి మన పేర్లే ఇచ్చి నేర్పారు. అన్నిచోట్లా అలా జరగలేదు. ఈ రంగంలో ఏళ్ల తరబడి అందరూ వాడిన జీట్‌జాన్ అనే 2002 నాటి సేకరణలో 30 సెకన్ల పాట ముక్కలు వెయ్యి ఉన్నాయి, వాటికి పది గంపలు: బ్లూస్, డిస్కో, కంట్రీ, రెగే వగైరా. మన కీర్తనకు గానీ జానపదానికి గానీ అందులో గంప లేదు. పోనీ ఉన్నవైనా సరిగ్గా ఉన్నాయా? బాబ్ స్టర్మ్ అనే పరిశోధకుడు కూర్చుని వింటే ఒకే ముక్క రెండుసార్లు రావడం, తప్పుడు చీటీలు బయటపడ్డాయి. రెగే గంపలో మూడోవంతు బాబ్ మార్లే ఒక్కడివే. ఆ గొంతు గుర్తుపడితే రెగే గుర్తుపట్టినట్టే లెక్క! ఇలాంటి ప్రోగ్రాములను స్టర్మ్ గుర్రంతో పోల్చాడు. వెనకటికి బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కూడికలకు గిట్టతో జవాబు కొట్టేది. తీరా చూస్తే దానికి లెక్కలు రావు. అడిగేవాడి ముఖం చదివి ఆగేది.

ఇక అసలు సంగతి. 1953 నాటి ‘దేవదాసు’ పాటలు యంత్రానికి వినిపిస్తే విషాదం అంటుంది, తప్పేం లేదు. సంగీతం ఎవరిది? తెర మీద పేరు సి.ఆర్. సుబ్బురామన్‌ది. కానీ ఆయన 1952లోనే పోయారు. మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. రచన సముద్రాల అన్నారు. ఏ సముద్రాల? తండ్రి రాఘవాచార్య, కొడుకు రామానుజాచార్య ఇద్దరూ సినిమా కవులే, ఇక్కడ తండ్రి. అందులోనూ కొన్ని పాటలు మల్లాది రామకృష్ణశాస్త్రివన్న మాట దశాబ్దాలుగా నలుగుతోంది. ధ్వనితరంగంలో ఎంత వెతికినా వీటిలో ఒక్క పేరూ దొరకదు. రేపటి మోడల్ శైలిని బట్టి రచయితను పట్టేస్తుందంటారేమో. ఇంకొకరి పేరు మీద వారి బాణీలో రాయడమే ఘోస్టు పని అయినప్పుడు, శైలి చూపి సాక్ష్యం చెప్పించడం కుదరదు.

ఇది ముచ్చట కోసం తవ్వే చరిత్ర కాదు, డబ్బు వ్యవహారం. 2021లో అమెరికాలో స్ట్రీమింగ్ సంస్థలు, ఏ రికార్డింగు ఏ రచయితదో తేలక పేరుకుపోయిన రాయల్టీలను అక్కడి మెకానికల్ లైసెన్సింగ్ కలెక్టివ్ అనే రాయల్టీల సంస్థకు జమచేస్తే 42 కోట్ల డాలర్లు దాటింది. మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ సినిమా కవికీ స్వరకర్తకూ రాయల్టీలో వాటా ఇచ్చింది. చట్టం ఇచ్చిన వాటా చేతికి రావాలంటే కేటలాగులో పేరుండాలి. తెలుగు పాట తెరిస్తే యాప్‌లో ముందు హీరో బొమ్మ, సినిమా పేరు, గాయకులు. కవి కోసం లోపలికి వెళ్లి వెతకాలి. పాటకు ‘వర్షం మూడ్’ అని చీటీ కట్టడానికి ఉన్న తొందర కవి పేరు గడి నింపడానికి లేదు.

ఈ గడి నింపడానికీ ఏఐ పనికొస్తుంది, చెవితో కాకుండా కంటితో. సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, రికార్డుల అట్టలు, టైటిల్ కార్డులు స్కాన్ చేసి చదివిస్తే చాలా పేర్లు బయటికొస్తాయి. సగం కథ చెప్పి శేషం వెండితెర మీద చూడమన్న ఆ చిన్న పుస్తకాలే చాలాచోట్ల మనకు మిగిలిన రుజువు. యంత్రం చదివినదాన్ని పాత పాటలు తెలిసినవాళ్లు సరిచూడాలి. ఏది ఎక్కడ దొరికిందో కూడా పక్కనే రాయాలి. తేలనిదాన్ని తేలనట్టే ఉంచే గడి ఒకటి అందులో ఉండాలి. అప్పుడు ‘దేవదాసు’ దగ్గర రచన అన్నచోట సముద్రాల సీనియర్, ఆ పక్కన మల్లాది, మధ్యలో ఒక ప్రశ్నార్థకం పడతాయి.