టీకా వేశాం కదా, మరి విరేచనాలెందుకు?

భీమవరంలో మా ఎదురింటివారి మనుమడికి నాలుగు నెలలు నిండిన వారంలోనే విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి చేరిన పసివాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని దాదీ నన్ను సూటిగా అడిగింది: “చుక్కలు వేయించాం గదా బాబూ, అయినా వచ్చిందే! మరి ఇంకా ఈ టీకాలెందుకు, బిడ్డను ఏడిపించడమెందుకు?” కోడలు తలుపు దగ్గర నిలబడి వింటున్నది. ఆమె ముఖంలోనూ అదే ప్రశ్న.

ఆ ప్రశ్నను అజ్ఞానమని కొట్టివేయడం సులభం. కాని ఆ వృద్ధురాలు అడిగినదాన్నే మరొక రూపంలో శాస్త్రజ్ఞులు యాభై ఏళ్ళుగా అడుగుతున్నారు. ఒకే టీకా ఒక దేశపు శిశువులో దాదాపు పూర్తిగా పనిచేసి, మరొక దేశపు శిశువులో సగమే పనిచేయడానికి కారణమేమిటి?

ఆ బిడ్డకు వేసినది రోటావైరస్ టీకా. 2016లో మన దేశం ఈ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో ప్రవేశపెట్టినప్పుడు మొదట ఎంచుకున్న నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాడు ఇచ్చిన రోటావ్యాక్ హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసినది. దానికి మూలమైన వైరస్ రకాన్ని 1980లలో ఢిల్లీలో నవజాత శిశువుల నుండి సేకరించారు. ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్షలో ఈ టీకా తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను మొదటి ఏడాదిలో సుమారు 56 శాతం మేరకు నివారించింది. ఐరోపా, అమెరికా దేశాలలో ఇదే జబ్బుకు వాడే ఇతర టీకాలు 85 శాతానికి మించి రక్షణ ఇచ్చాయి. ఈ తేడాను చూసి మన టీకా నాసిరకమని తీర్మానించరాదు. ఆ విదేశీ టీకాలనే ఆఫ్రికాలోని పేద దేశాలకు తీసుకువెళ్ళినప్పుడు వాటి ఫలితమూ అలాగే తగ్గిపోయింది.

తేడా టీకాలో లేదు. అది చేరే పేగులో ఉన్నది.

నోటిలో చుక్కలుగా వేసే టీకాలో బలహీనపరచిన సజీవ వైరస్ ఉంటుంది. అది శిశువు పేగులో నిలదొక్కుకుని కొంత వృద్ధి చెందితేనే శరీరం దానిని గుర్తించి రక్షణను సిద్ధం చేసుకుంటుంది. అపరిశుభ్రమైన నీరు, మురుగు, ఈగల నడుమ పెరిగే బిడ్డ పేగులో అప్పటికే ఇతర సూక్ష్మజీవులు స్థిరపడి ఉంటాయి. మలంతో కలుషితమైన నీటి ద్వారా పదే పదే సోకే క్రిముల వల్ల పేగు లోపలి పొర నిరంతరం వాచి, ఆహారాన్ని పీల్చుకునే సన్నని మొలకలు మొండిబారుతాయి. బిడ్డ పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చును. కాని చుక్కల్లోని వైరస్‌కు అక్కడ చోటు దొరకదు. దీనికి తోడు, ఇటువంటి వాతావరణంలో బ్రతికిన తల్లి నుండి బిడ్డకు గర్భంలోనే సంక్రమించే రక్షక పదార్థాలు ఎక్కువగా ఉండి, టీకా వైరస్‌ను మొదటి వారాలలోనే అణచివేస్తాయి. తల్లి ఇచ్చిన రక్షణే టీకాకు అడ్డు రావడం విచిత్రమే.

ఈ సంగతి మన దేశంలో ముందుగా పోలియో చుక్కల విషయంలో బయటపడింది. 1970లలో వేలూరులో డాక్టర్ టి. జాకబ్ జాన్, పాశ్చాత్య దేశాలలో సరిపోయిన మూడు మోతాదులు ఇక్కడి పిల్లలలో చాలామందికి చాలడం లేదని గమనించారు. ఆ తరువాత ఉత్తరప్రదేశ్‌లో ఎన్నో విడతలు చుక్కలు వేయించుకున్న పిల్లలకూ పోలియో సోకింది. 2006లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం అప్పటి చుక్కల ఒక్కొక్క మోతాదు టైప్-1 పోలియో నుండి ఇచ్చిన రక్షణ ఉత్తరప్రదేశ్‌లో 9 శాతం మాత్రమే. బీహారును కూడా మినహాయిస్తే తక్కిన దేశంలో అది 21 శాతం. కిక్కిరిసిన బస్తీలు, మురుగు, తరచు విరేచనాలు ఇందుకు కారణాలుగా కనిపించాయి. ఆ బస్తీలలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. “ఇన్నిసార్లు వేస్తున్నా జబ్బు పోవడం లేదంటే ఇందులో ఏదో మర్మమున్నది” అన్న అనుమానం అక్కడ పాకింది. ఆ అనుమానాన్ని తిట్టి పోగొట్టలేదు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా వంటి సంస్థలు, మసీదుల ఇమాములు ఇంటింటికీ నచ్చజెప్పారు. టీకానూ ఒక రకం వైరస్‌పై మరింత బలంగా పనిచేసేలా మార్చారు. 2011 జనవరి 13 తరువాత దేశంలో సహజ పోలియో కేసు లేదు.

ఇక భీమవరం వద్దకు వద్దాం. డెల్టాలో నీటికి కొరత లేదు, కొరత మంచినీటికే. కాలువ నీటిని చెరువులలో నింపుకుని, వడకట్టి, వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ఆ నిల్వతోనే గడుపుకోవడం ఇక్కడి ఊళ్ళ అలవాటు. రొయ్యల చెరువుల నీరు, ఊరి మురుగు, యనమదుర్రు డ్రెయిన్ వాసన గురించి ఈ పట్టణవాసులకు నేను చెప్పవలసినదేమీ లేదు. ఈ మురుగుకూ పసిబిడ్డ టీకాకూ సంబంధమున్నదని మాత్రం మనం అనుకోము.

మందుతో ఈ లోటును పూరించే ప్రయత్నాలు జరగకపోలేదు. వేలూరులో పోలియో చుక్కలకు ముందు శిశువులకు అజిత్రోమైసిన్ ఇచ్చి చూశారు. పేగులోని క్రిములు తగ్గాయి గాని టీకా ఫలితం మెరుగుపడలేదు. జింకు, మేలుచేసే బాక్టీరియా ఇచ్చినా లాభం స్వల్పమే. చుక్కలకు అరగంట ముందూ అరగంట తరువాతా తల్లిపాలు ఆపి ఢిల్లీలో పరీక్షించగా ప్రయోజనమేమీ కనిపించలేదు. కాబట్టి టీకా పేరుతో బిడ్డకు పాలు మాన్పించవలసిన పని లేదు. రెండేళ్ళు పాలివ్వడం గురించి ఖుర్‌ఆన్‌లో ఉన్న ప్రస్తావన పాఠకులెరిగినదే. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేదీ, ఆముదం గాని, వస అరగదీసిన నీళ్ళు గాని, ఘుట్టీ గాని వద్దు. మనం ప్రేమతో పోసే ఆ చెంచాడు నీళ్ళతోనే క్రిములు లోనికి వెళ్తాయి.

సూదిమందు పేగు మీదుగా పోదు గనుక దానికి ఈ చిక్కు తక్కువ. అక్కడ వయస్సూ బరువూ ముఖ్యం. తట్టు, రుబెల్లా టీకాను తొమ్మిది నెలలు నిండాక ఇచ్చేది తల్లి నుండి వచ్చిన రక్షణ అప్పటికి తగ్గుతుందనే. అప్పుడిచ్చినా నూటికి సుమారు 85 మందికే తట్టు నుండి రక్షణ కలుగుతుంది. రెండవ మోతాదు మిగిలినవారి కోసం. రెండు కిలోలకు తక్కువ బరువుతో పుట్టినవారిలో హెపటైటిస్-బి టీకాకు స్పందన మందగించవచ్చు. అయినా నెలలు నిండక పుట్టిన బిడ్డకూ టీకా గడువును పుట్టిన తేదీ నుండే లెక్కిస్తారు. బిడ్డ బక్కగా ఉన్నదని, “కాస్త ఒళ్ళు చేశాక వేయిద్దాం” అనే పెద్దల మాటే ప్రమాదకరం. బక్కపిల్లలలోనూ చాలా సూదిమందులు చక్కగానే పనిచేస్తాయి. జబ్బు సోకితే తట్టుకోలేనివారూ వారే.

దాదీకి నేను చెప్పిన లెక్క ఇది. సగం రక్షణ చిన్నదేమీ కాదు. ఆఫ్రికాలో మలావీ అనే పేద దేశంలో రోటా టీకా 49 శాతం, దక్షిణాఫ్రికాలో 77 శాతం పనిచేసింది. కాని వందమంది శిశువులలో ఏడాదికి తప్పిన తీవ్రమైన విరేచనాలు మలావీలో 6.7, దక్షిణాఫ్రికాలో 4.2. జబ్బు ఎక్కువగా ఉన్నచోట సగం రక్షణే ఎక్కువమందిని కాపాడింది. పైగా ఈ టీకా రోటావైరస్‌ను మాత్రమే ఎదుర్కొంటుంది. విరేచనాలకు ఇతర క్రిములూ కారణమవుతాయి. వాటికి మందు చేతులు కడుక్కోవడం, కాచిన నీరు, జబ్బు చేసినప్పుడు ఓ.ఆర్.ఎస్., 14 రోజుల జింకు.

ఆమె శ్రద్ధగా విని, “సరే, మావాడికి ఎన్ని చుక్కలు పడ్డాయో చూడు” అన్నది. కార్డు ఇంట్లో లేదు. కోడలి పుట్టిల్లైన నరసాపురంలో ఉండిపోయింది.

కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం మన ఆచారం. చిల్లా నలభై రోజులు. మొదటి టీకాల గడువు ఆరు వారాలు, అంటే 42 రోజులు. చిల్లా స్నానం ముగిసిన రెండు రోజులకే అన్నమాట. రెండవది పదవ వారం. ఆ రెండూ పుట్టింట్లోనే సాగిపోతాయి. మూడవది పద్నాలుగవ వారం, అంటే 98వ రోజు. అప్పటికి తల్లి అత్తవారింటికి వచ్చి ఉంటుంది. అక్కడి ఏ.ఎన్.ఎం. బిడ్డ వెళ్ళిపోయిందనుకుంటుంది, ఇక్కడి ఆశా కార్యకర్తకు బిడ్డ వచ్చిన సంగతే తెలియదు. రొయ్యల చెరువుల మీద కాపలాకు ఊరూరా తిరిగే కుటుంబాల పిల్లలకైతే ఇది ప్రతి మోతాదుకూ జరుగుతుంది. మూడు మోతాదులు వేసినా సగమే దక్కే చోట, రెండింటితో ఆగిపోవడం ఈ విధంగానే.

మూడు రోజుల తరువాత కోడలి తమ్ముడు కార్డు పట్టుకొచ్చాడు. పద్నాలుగు వారాల వరుస మొత్తం ఖాళీగా ఉన్నది. రోటా టీకా మొదటి మోతాదు ఏడాది లోపు పడి ఉంటే మిగిలినవి ఆలస్యంగానైనా పూర్తిచేయవచ్చునని ఏ.ఎన్.ఎం. చెప్పింది. విరేచనాలు పూర్తిగా కట్టాక తరువాతి టీకాల రోజున, బిడ్డను దాదీయే ఎత్తుకుని వెళ్ళింది.