అయస్కాంత క్షేత్రములో వోల్టేజి రెగ్యులేటరు

ఇంటికి వచ్చు విద్యుత్తు హెచ్చుతగ్గులకు లోనయినపుడు స్టెబిలైజరు దానిని సరిదిద్దునని శ్రోతలెరుగుదురు. రేడియో, కంప్యూటరు మొదలగు యంత్రముల లోపల ఆ పనినే మరింత సూక్ష్మముగా నిర్వహించునది ఎలక్ట్రానిక్ వోల్టేజి రెగ్యులేటరు. దానిని బలమైన అయస్కాంతము చెంత నుంచినచో ఏమగును?

రెగ్యులేటర్లు ముఖ్యముగా రెండు తెగలు. మొదటి తెగలో ట్రాన్సిస్టరు మిగులు వోల్టేజిని తనయందే అణచి, వేడిగా విడిచివేయును. కదలు ఎలక్ట్రానులను అయస్కాంతము ప్రక్కకు నెట్టునని 1879లో ఎడ్విన్ హాల్ చూపిన మాట నిజమే గాని, సిలికాను ట్రాన్సిస్టరులో ఆ ప్రభావము స్వల్పము.

చిక్కంతయు రెండవ తెగతోనే. ఇందు ట్రాన్సిస్టరు సెకనుకు లక్షలసార్లు తెరచుకొని మూసికొనుచుండగా, ఒక తీగచుట్ట శక్తిని క్షణకాలము దాచుకొని సమముగా వదలుచుండును. చుట్ట నడుమ ఫెర్రైటు దిమ్మ యుండును. అది సుమారు అర టెస్లాకు మించి అయస్కాంతత్వమును గ్రహింపజాలదు. బయటి క్షేత్రమే దానిని నింపివేసినచో, నిండిన కుండలో నీరు పోసినట్లగును. ప్రవాహమును నిలువరించు శక్తి చుట్టకు పోవును; ప్రవాహము ఒక్కసారిగా పెచ్చు పెరుగును. ట్రాన్సిస్టరు వేడెక్కును, రక్షణ ఏర్పాటు లేనిచో మాడిపోవును.

ఇండ్లలో ఈ భయము లేదు. మన ప్రాంతమున భూమి క్షేత్రము టెస్లాలో సుమారు 25,000వ వంతు మాత్రమే. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రము 1.5 లేక 3 టెస్లాలది. జెనీవా చెంత సెర్న్ సంస్థలోని సి.ఎం.ఎస్. యంత్రగర్భమున 3.8 టెస్లాలు!

అట్టిచోట రెగ్యులేటరు నేల పెట్టవలె, దూరమునుండియే తగ్గించి పంపరాదా యని మీకు తోచవచ్చును. వోల్టేజి నాల్గవ వంతయినచో అంతే శక్తికి ప్రవాహము నాలుగింతలగును. తీగలలో నష్టము పదునారింతలు. కావున హెచ్చు వోల్టేజితో తెచ్చి, అక్కడనే తగ్గింపవలసినదే.

అందుకు ఇంజనీర్లు ఫెర్రైటునే తీసివేసినారు. చుట్ట నడుమ గాలి తప్ప మరేమియు లేదు. గాలి నిండిపోవుట యనునది లేదు. అయితే దిమ్మ లేని చుట్ట దాచగల శక్తి తక్కువ, కనుక ట్రాన్సిస్టరు సెకనుకు పది లక్షలసార్లకు పైగా పనిచేయవలసివచ్చినది. చుట్టనుండి వెలువడు రొద ప్రక్కనున్న సున్నితపు పరికరములను చెరచును. ఈ రొద బాధ రేడియోవారమగు మాకు క్రొత్త కాదు. దానికై చుట్టను కడియమువలె మలచి, పైన లోహపు తొడుగు వేసినారు.

ఇట్టి రెగ్యులేటర్లను 2017లో సి.ఎం.ఎస్. పిక్సెల్ శోధకములో అమర్చిరి. ఆ యేడే కొన్ని చెడిపోయినవి. కారణము అయస్కాంతము కాదు, వికిరణమని పరిశీలనలో తేలినది.