చవక ప్రోటీన్ డబ్బా కొనేముందు

పోయిన నెల మా వారు జిమ్‌లో చేరారు. ఆ వారమే, సగం ధరకే వచ్చిందని పెద్ద ప్రోటీన్ పౌడర్ డబ్బా తెచ్చారు. "స్కూపుకి 30 గ్రాముల ప్రోటీనట! బాబుకి కూడా పాలల్లో కలిపివ్వు" అన్నారు. నేను చదివిన బీఎస్సీ కెమిస్ట్రీ గుర్తొచ్చి, ముందు లేబుల్ చూశాను.

ల్యాబులో సాధారణంగా నైట్రోజన్‌ని కొలిచి, 6.25తో గుణించి, అదే ప్రోటీన్ అంటారు. గ్లైసీన్, టౌరిన్ లాంటి చవక అమైనో ఆమ్లాలు కలిపితే ఆ అంకె పెరుగుతుంది, అసలు ప్రోటీన్ పెరగదు. 2008లో చైనాలో పాలపొడిలో మెలమిన్ కలిపింది ఈ లొసుగుతోనే. ఎందరో పసిపిల్లల కిడ్నీలు పాడయ్యాయి.

ఇక్కడ అమెరికాలో సప్లిమెంట్లు అమ్మడానికి ముందుగా ఎఫ్‌డీఏ ఆమోదం అక్కర్లేదు. కాబట్టి జాగ్రత్త మనదే.

చవకైనవన్నీ చెడ్డవని కాదు. కొనేముందు ఈ మూడూ చూడండి:

* పదార్థాల్లో గ్లైసీన్, టౌరిన్ విడిగా ఉన్నాయా?
* "ప్రొప్రైటరీ బ్లెండ్" అంటూ ఏది ఎంతో దాచారా?
* ఎన్‌ఎస్‌ఎఫ్, ఇన్ఫార్మ్డ్ ఛాయిస్ లాంటి బయటి సంస్థల ముద్ర ఉందా?

కొన్ని పౌడర్లలో, ముఖ్యంగా మొక్కల ప్రోటీన్, చాక్లెట్ రకాల్లో, సీసం, కాడ్మియం కూడా బయటపడ్డాయి. పిల్లలకు, గర్భిణులకు డాక్టర్ని అడగకుండా ఇవ్వకండి.

మా డబ్బాలో రెండో పదార్థమే గ్లైసీన్! వాపసు ఇచ్చేశాం. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఇప్పుడు బాబుకి రోజూ ముద్దపప్పు, మా వారికి అదనంగా రెండు గుడ్లు.