సైగల భాషకు యంత్ర సహాయము

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము మొదలు అశోక్ నగరు సందుల వరకు ఎటు చూచినను ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువతీయువకులే కనబడుదురు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు దివ్యాంగులకు కేటాయించినది. అందులో ఒకటి బధిరులకును, వినికిడి తక్కువగా ఉన్నవారికిని చెందును. అట్టి బధిర యువతి ఒకతె శిక్షణ తరగతిలో కూర్చున్నదనుకొందము. అధ్యాపకుడు బోర్డువైపు తిరిగి ద్రవ్యోల్బణమును గూర్చి గంటసేపు చెప్పినాడు. ఆమెకు ఆయన పెదవుల కదలికయైనను కనబడలేదు. ఈ లోటును యంత్రము తీర్చగలదా?

ఈ ప్రశ్న వినగానే నారాయణగూడలోనైనను, మరియెక్కడనైనను ఇంజనీరింగు విద్యార్థికి మొదట తోచునది చేతితొడుగు. చేతి కదలికలను కొలిచి, సైగను మాటగా పలికించు తొడుగన్నమాట. 2016లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులిద్దరు ఇట్టిది చేసి పెద్ద బహుమతిని పొందిరి. పత్రికలు మెచ్చుకొనినవి. కాని బధిరులును, అదే విశ్వవిద్యాలయములోని భాషావేత్తలును దానిని బహిరంగముగా విమర్శించిరి. ఎందువలన?

సైగల భాష కేవలము చేతులలో లేదు. విలియం స్టోకీ అను అమెరికా పండితుడు 1960లోనే సైగను విడదీసి చూపెను. చేతి ఆకారము, చేయి ఉన్న చోటు, కదలిక — ఈ మూడును కూడిననే సైగ యగును. మన దేశపు సైగల భాషలో ‘ఇచ్చుట’ అను సైగ నానుండి నీవైపు సాగినచో ‘నేను నీకు ఇచ్చుట’. దిక్కు తిరుగవేసినచో ‘నీవు నాకు ఇచ్చుట’. కనుబొమలు పైకెత్తినచో అదే వాక్యము ప్రశ్న యగును. తల అడ్డముగా ఆడించినచో కాదను అర్థము వచ్చును. ‘ఏమి’, ‘ఎవరు’ వంటి ప్రశ్నపదములు సాధారణముగా వాక్యము చివర వచ్చును. ‘నీ పేరు ఏమి’ అను తెలుగు వరుసకు ఇది దగ్గరగా ఉండుట మనకు వింతగా తోచవచ్చును. కనుబొమల సంగతి తొడుగునకు బొత్తిగా తెలియదు!

కెమెరాకు ముఖమును కనబడును, నిజమే. మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో 263 పదముల సైగలను 4,287 వీడియోలుగా కూర్చిరి. ఏబది పదములతో పరీక్షించినపుడు వారి కంప్యూటరు నూటికి 94.5 వంతులు సరిగా గుర్తించినది. పదములన్నిటితో పరీక్షింపగా అది 85.6కు దిగినది. ఇవియును విడివిడి పదములే. వాక్యములో ఒక సైగ మరొకదానిలోనికి జారిపోవును. ఊరు మారిన, పాఠశాల మారిన సైగయే మారవచ్చును. ఇక, నేర్పునపుడు చూపిన మనుష్యులనే పరీక్షలోను చూపినచో వచ్చు మార్కులు, ప్రశ్నపత్రము ముందుగా చూచినవాని మార్కులవంటివే. యంత్రము తప్పినదో, ఒప్పినదో చెప్పగలవారు ఆ భాషలో పుట్టి పెరిగిన బధిరులే. కావున వారి భాగస్వామ్యము మర్యాదకొరకు కాదు. అది లేనిదే కొలత కుదరదు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. తొడుగు తీర్చునది వినగలవారి ఇబ్బంది! సైగలు నేర్వని మనకు బధిరుల మాట తెలియును; అంతే. మన యువతికి కావలసినది తలక్రిందుల పని, అనగా అధ్యాపకుని మాట ఆమె భాషలోనికి రావలెను. తెరపై తెలుగక్షరములు చాలునని కొందరందురు. మన లిపి ధ్వనులకు గుర్తు. ఆ ధ్వనులే విననివారిలో పలువురికి వ్రాతభాష రెండవ భాషవంటిది. పోనీ, సైగలలోనికి మార్చుదమన్నచో ద్రవ్యోల్బణమునకు సైగ యేది? 2015లో ఢిల్లీలో వెలసిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రము 2018లో 3,000 పదములతో నిఘంటువు వెలువరించి, 2021 నాటికి దానిని 10,000 పదములకు పెంచినది. అయినను నిఘంటువులో చేరినంత మాత్రమున సైగ బ్రతుకదు. బధిర విద్యార్థులు తమలో తాము వాడుకొనిననే నిలుచును.

ఈ పనికి కూర్చవలసిన వీడియోలలో మరియొక చిక్కు కలదు. మాటలను సేకరించునపుడు పేరు దాచవచ్చును. సైగలు చేయువాని ముఖమును దాచినచో వ్యాకరణమే పోవును. కాబట్టి ఆ వీడియోలు ఎవరివద్ద నుండవలెనో, ఎన్నాళ్లుండవలెనో, చేసినవారికి ప్రతిఫల మెంతయో చిత్రీకరణమునకు ముందే వారితో, వారి భాషలోనే తేల్చుకొనవలసి యుండును.