కుర్లా కారు, విశాఖ ఉప్పుగాలి

వాల్‌చంద్ హీరాచంద్ పేరు చెబితే విశాఖపట్నంలో పాతవాళ్లకి షిప్‌యార్డే గుర్తొస్తుంది. 1941లో ఆయన సింధియా కంపెనీ ఇక్కడ ఓడలు కట్టే యార్డుకి పునాది వేసింది. 1948లో ‘జల ఉష’ ఓడ ఇక్కడి నుంచే నీళ్లలోకి దిగింది. తరవాత యార్డు ప్రభుత్వం చేతికొచ్చి హిందుస్తాన్ షిప్‌యార్డ్ అయింది. ఆ మనిషే 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీ పెట్టాడు. ఆయన మొదలెట్టిన యార్డు మెషిన్ షాపులో టర్నరుగా నా ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యాక నా చేతులకి పని కల్పించింది ఆయన ఇంకో కంపెనీ కుర్లా ఫ్యాక్టరీలో తయారుచేసిన ఓ 1979 పద్మిని కారు.

మహారాణిపేటలో ఒక డాక్టరుగారి ఇంటి వెనక, రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడిపోయిన బండి అది. పద్మిని అన్న పేరు కాగితాల్లోనే ఉండేది, ఊళ్లో అందరికీ అది ఫియట్ కారే. నిజానికి ఇటలీ ఫియట్ 1100 అది. మన దేశంలో 1964 నుంచి డిలైట్‌గా, ఫియట్‌తో ఒప్పందం తీరిపోయాక 1974 నుంచి పద్మినిగా, దాదాపు అదే రూపంతో శతాబ్దం చివరిదాకా తయారైంది. ఇంజను మరీ పాతది. 68 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు, 1089 సీసీ. 1937లో వచ్చిన ఫియట్ 508 సీ మోడల్‌లోని లెక్కే ఇది. అప్పట్లో ఫియట్ కార్లకి రూపం ఇచ్చిన ఇంజనీరు దాంతె జకోజా. ఆ మనిషి మీద నాకు చాలా గౌరవం. ఈ బండిలో ఏ భాగాన్ని చూసినా, రేపెవరో దీన్ని విప్పాల్సి వస్తుందని తెలిసి గీసినట్టే ఉంటుంది.

ఇంట్లో చేసుకునే పనికి ఇలాంటి కారే కావాలి. బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ చెయ్యి పడుతుంది. కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. పంపులు, మోటార్లు, కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్ అన్నీ స్క్రూలూ నట్లూ తీస్తే విడివడతాయి, అరిగిన ముక్క ఒక్కటి మార్చి మళ్లీ బిగించుకోవచ్చు. కొత్త కార్లలో చాలా భాగాలు అతికించో, నొక్కి మూసేసో వస్తాయి, పాడైతే మొత్తం పారేయాల్సిందే. పైగా ఫియట్‌లో కొలతలన్నీ మెట్రిక్. ఇంట్లో ఉన్న మామూలు స్పానర్ల సెట్టు చాలు.

బండి తెచ్చుకున్నవాళ్లు మొదట చేసే పని బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూడటం. దయచేసి అలా చేయకండి. ఏళ్లు నిలబడిన ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి పట్టేసి ఉంటాయి. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లోంచి కొద్దికొద్దిగా ఆయిల్ పోసి, రెండు రోజులు నాననిచ్చి, అప్పుడు క్రాంక్‌ని చేత్తో తిప్పండి. తిరక్కపోతే బలవంతం చేయకుండా మళ్లీ నాననివ్వండి. రింగు విరిగితే దాంతో పోదు, సిలిండర్ గోడ మీద గీత పడుతుంది.

విప్పిన ప్రతి భాగం విషయంలోనూ నేను పట్టుకున్న పద్ధతి ఒకటుంది. అది ఎందుకు పాడైందో తెలిసేదాకా కొత్తది కొనను. నీళ్ల పంపు బేరింగు పోయిందనుకోండి, వయసు మీద పడి పోయిందా, ఫ్యాన్ బెల్టు మరీ బిగించడం వల్ల పోయిందా, సీలు కారి నీళ్లు చేరడం వల్ల పోయిందా? మూడింటికీ గుర్తులు వేరు. బెల్టు బిగువైతే బాల్స్ దారి ఒకే పక్క అరుగుతుంది, నీళ్లు చేరితే గ్రీజు కరిగిపోయి తుప్పు గుంటలు పడతాయి. ఆ కారణం అలాగే ఉంటే కొత్త పంపునీ అదే తినేస్తుంది. అందుకే స్పేర్ల కన్నా ముందు వెర్నియర్ కాలిపర్, ఫీలర్ గేజ్, మంచి స్ట్రెయిట్ ఎడ్జ్ కొనమంటాను. విప్పేటప్పుడు మా మనవరాలు ఫోన్‌లో ఫొటోలు తీస్తుంది. “తాతయ్యా, ఈ వాషరు ఏ పక్కకి?” అని ఆ పిల్ల అడిగిందంటే ఇంకో ఫొటో కావాలని అర్థం.

ఇక తుప్పు. మా ఊళ్లో పాత కారు కథంతా అదే. సముద్రం గాలిలో ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, ఆ తేమలో ఇనుము పగలూ రాత్రీ కరుగుతూనే ఉంటుంది. బ్రాకెట్లు, హింజీలు, ఎయిర్ క్లీనర్ డబ్బా లాంటి వాటిని వైర్ బ్రష్‌తో తోమితే పైది పోతుంది కానీ గుంటల్లోది పోదు. వీటికి నేను కరెంటు తొట్టి వాడతాను. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, నాలుగు లీటర్లకి ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలపాలి. పాతకాలం బ్యాటరీ చార్జర్ తీసుకుని, నెగటివ్ క్లిప్పు తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ క్లిప్పు ఒక పనికిరాని మామూలు ఇనప రేకుకి తగిలించాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. స్విచ్ వేస్తే భాగం చుట్టూ సన్నని బుడగలు లేస్తాయి. ఒక రాత్రి గడిచేసరికి ఎర్ర తుప్పు నల్లటి మడ్డిగా మారి, గట్టి బ్రష్‌తో రుద్దితే వచ్చేస్తుంది. మంచి ఇనుముకి గీత కూడా పడదు.

ఇందులో ప్రమాదాలూ ఉన్నాయి. ఆ బుడగలు హైడ్రోజన్, అంటుకునే వాయువు. తొట్టి ఆరుబయట ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, క్లిప్పులు ముట్టుకునే ముందు స్విచ్ తీసేయాలి. రేకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. అల్యూమినియం భాగాలని సోడా తినేస్తుంది. స్ప్రింగులని, గట్టి స్టీలు బోల్టులని ఈ తొట్టిలో వేయకూడదు. హైడ్రోజన్ లోపలికి చేరి వాటిని పెళుసు చేస్తుంది, బయటికేమీ కనపడదు, ఏదో ఒక రోజు బరువు పడ్డప్పుడు పుటుక్కుమంటాయి. వాటి తుప్పు తీయడానికి నిమ్మ ఉప్పు కూడా వద్దు, చేత్తో తోమడమే మంచిది. తొట్టిలోంచి తీసిన భాగాన్ని వేడినీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, ఆ పూటే ప్రైమరు వేసేయాలి. విశాఖలో శుభ్రమైన ఇనుము మీద మర్నాటికల్లా మళ్లీ ఎర్ర పొర కనిపిస్తుంది.

బాడీ సంగతి వేరు. ఫియట్‌కి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింద ఉండే సిల్లులు తుప్పు పట్టాయంటే కారు నడుమే బలహీనపడిందన్నమాట. కోసి కొత్త రేకు అతకాలంటే ముందు తలుపు ఖాళీలో ఇనప గొట్టాలు అడ్డంగా వెల్డింగ్ చేసి బిగించాలి. లేదంటే బాడీ కుంగి, ఆ తరవాత తలుపు ఎన్నటికీ సరిగ్గా పడదు. ఈ పని నేను గాజువాక ఆటోనగర్‌లో చేయించాను, దగ్గరుండి. తలుపుల అడుగున వాన నీళ్లు పోయేందుకు చిన్న కన్నాలుంటాయి. వాటిలో మట్టి పేరుకుంటే నీళ్లు లోపలే నిలిచిపోతాయి. ఒక పుల్లతో కన్నాలు తెరిచి ఉంచితే ఆ కోయడమూ అతకడమూ చాలావరకు తప్పుతుంది.

కార్బురేటర్ విప్పడం నాకు ఎప్పుడూ ఇష్టమే. అరచేతిలో పట్టే వస్తువు, అన్నీ ఇత్తడి జెట్లు, సన్నని దారులు. జెట్టు మీద అంకె ఉంటుంది, అది రంధ్రం కొలత. సోలెక్స్ కార్బురేటర్‌లో 115 అని ఉంటే 1.15 మిల్లీమీటర్లు. కొందరు మెకానిక్కులు జెట్టు మూసుకుపోతే తీగ దూర్చి తిప్పుతారు. మెత్తటి ఇత్తడి కదా, రంధ్రం పెద్దదవుతుంది, ఇక ఆ కారు జీవితాంతం పెట్రోలు ఎక్కువే తాగుతుంది. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొడితే చాలు. ఇత్తడి ఫ్లోటు కన్నం పడిందో లేదో చూడాలంటే వేడినీళ్లలో ముంచాలి. లోపలి గాలి వ్యాకోచించి కన్నం దగ్గర బుడగలు వస్తాయి. పై మూత వంగి ఉంటే గాజు పలక మీద సన్న ఎమరీ కాగితం పరిచి, దాని మీద ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్దితే చదునవుతుంది. ఇంత చేసినా ఐడ్లింగ్ నిలబడకపోతే థ్రాటిల్ కడ్డీని పట్టుకుని ఊపి చూడండి. అది తిరిగే కన్నం అరిగిపోయి అక్కడి నుంచి దొంగగాలి పోతుంటుంది. బుష్ వేస్తేనే అది తీరుతుంది.

పెట్రోలు గొట్టాలు మాత్రం పాతవి ఒక్కటీ ఉంచకండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆ కాలం రబ్బరు దానికి తట్టుకోదు, ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చీలుతుంది. వేడి ఇంజను మీద పెట్రోలు కారడం కన్నా ప్రమాదం ఏముంటుంది? ఇథనాల్‌కి ఆగే రకం గొట్టాలు అడిగి కొనండి. ఇథనాల్ తేమని కూడా లాగుతుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకు నింపి ఉంచకూడదు.

స్టార్టర్ మోటారు దగ్గర నా పాత ఉద్యోగం అక్కరకొచ్చింది. ఇరుసు తిరిగే కంచు బుష్ అరిగితే ఆర్మేచర్ కిందికి జారి అయస్కాంత ముక్కలకి రాసుకుంటుంది. సెల్ఫ్ ‘గుర్ర్’మని ఆగిపోయే చాలా బళ్ల జబ్బు ఇదే, బ్యాటరీ మార్చినా తగ్గదు. గన్‌మెటల్ కడ్డీ ముక్క తెచ్చి లేత్ మీద కొత్త బుష్ తీశాను. బుష్‌ని దాని గూట్లోకి నొక్కినప్పుడు లోపలి కన్నం కొంచెం బిగుస్తుంది, ఆ బిగువుని ముందే లెక్కలోకి తీసుకుని బోరు తీయాలి. లేత్ లేనివాళ్లు రెడీమేడ్‌గా దొరికే సన్నరంధ్రాల కంచు బుష్ కొని, బిగించే ముందు ఒక రాత్రి ఆయిల్లో నానబెడితే సరిపోతుంది. కమ్యుటేటర్ రాగి పట్టీల మధ్య మైకా పైకి లేస్తే కార్బన్ బ్రష్‌లు ఎగురుతాయి, నిప్పురవ్వలు వస్తాయి. హాక్సా బ్లేడు ముక్కని సానపట్టి, ఆ మైకాని పట్టీల కన్నా కొద్దిగా లోతుకి గీకాలి. ఓపిక ఉన్నవాళ్లెవరైనా చేయగలరు.

బ్రేకుల్లో మాత్రం ఇంటిపనికి గట్టి హద్దు పెట్టుకోవాలి. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. తెరిచేటప్పుడు లోపలి దుమ్ముని గాలితో ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. నీళ్లతో తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ సంచిలో కట్టి పారేయాలి. వీల్ సిలిండర్లని పెట్రోలుతో గానీ డీజిలుతో గానీ కడగకూడదు, ఆ నూనె తగిలితే లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి బ్రేకు పట్టేస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్‌తోనే కడగాలి. ఆ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, అందుకే నిలబడ్డ బండ్లలో సిలిండరు లోపల తుప్పు గుంటలు పడతాయి. నా బండి మాస్టర్ సిలిండర్ చూసి ఆటోనగర్ లేత్ మేస్త్రీ, “గురువుగారూ, హోనింగ్ చేసినా ఈ గుంట పోదండి, స్లీవ్ ఏసుకోవాల” అన్నాడు. నా లెక్కా అదే. ఇత్తడి స్లీవ్ దిగ్గొట్టి అసలు కొలతకి బోరు తీశాడు. రబ్బర్లన్నీ కొత్తవి. పైకి బాగానే కనపడినా పాత కప్పు మళ్లీ వేయకూడదు.

ఫియట్ ఇంజనులో బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం, రేడియేటర్ రాగి, ఇత్తడి. వీటన్నిటి మధ్యా పంపు నీళ్లు తిరిగితే ఏమవుతుందో యార్డులో పనిచేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు. రకరకాల లోహాలు ఒకే నీళ్లలో ఉంటే వాటిలో బలహీనమైనది కరిగిపోతుంది. ఓడ అడుగున జింకు దిమ్మలు బిగించేది అందుకే, ఉప్పునీళ్లు స్టీలుని వదిలి జింకుని తింటాయి. కారులో ఆ వంతు అల్యూమినియం హెడ్డుది. హెడ్డు విప్పితే నీటి దారుల అంచులు తినేసి కనిపిస్తాయి. గుంటలని ఆర్గాన్ వెల్డింగ్‌తో నింపించి, ఆ తరవాత సర్ఫేస్ చేయించాలి, అదీ అవసరమైనంత పలచగా. ఎక్కువ కోస్తే కంప్రెషన్ పెరిగి ఇంజను నాక్ చేస్తుంది. బిగించేటప్పుడు నట్లు మధ్యలోంచి మొదలెట్టి బయటికి, మూడు దఫాలుగా, టార్క్ రెంచితో. ఇకపై అందులో కూలెంటు తప్ప వట్టి నీళ్లు పోయను.

బంపర్ల క్రోమ్ పూత ఇంట్లో ఆలోచించనే వద్దు, దానికి వాడేవి భయంకరమైన రసాయనాలు. సీట్లు, బీడింగులు డబ్బు పని, ఎవరైనా చేస్తారు.

స్పేర్లు ఇంకా దొరుకుతున్నాయంటే అది ముంబై టాక్సీల పుణ్యం. అక్కడ దశాబ్దాల పాటు నలుపూ పసుపూ పద్మినిలే తిరిగాయి. చివరి బండ్ల గడువు 2023 అక్టోబరులో తీరిపోయింది. ఇన్నాళ్లూ వాటి కోసం తయారైన సరుకు ఇప్పటికీ చెన్నై పుదుపేటలో, ఢిల్లీ కశ్మీరీ గేట్‌లో, మన విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే బయటపడుతుంది. కొత్తగా చేసిన నకలు ముక్కలూ కలుస్తాయి, వాటిని కొలవకుండా తీసుకోకండి. చాలాసార్లు అరిగిన అసలు భాగానికి బుష్ వేసుకోవడమే మేలు, ఆ లోహం మంచిది.

ఇక కాగితాలు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకి, ఆ తరవాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న కార్లని వింటేజ్‌గా నమోదు చేస్తారు, నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలు వస్తాయి. నా కారుకి 2029లో ఆ అర్హత వస్తుంది. అయితే వింటేజ్ బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ మరమ్మతులకీ తప్ప రోజువారీ తిప్పకూడదు. నేనింత కష్టపడింది బీచ్ రోడ్డు మీదా, పూర్ణా మార్కెట్టుకీ, బంధువుల పెళ్లిళ్లకీ నడుపుకోవడానికి. కాబట్టి ఫిట్‌నెస్ దారే నాది. తనిఖీలో హ్యాండ్‌బ్రేకు చూస్తారు. దాని కేబుల్ గొట్టం లోపల తుప్పుతో బిగుసుకుపోయి ఉంది, ఈ వారం విప్పి ఆయిల్లో నానబెట్టాను.